కూత పోతదా?

పోయిన వారం మనం నర్సింహను డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు. “వెనక నుంచి చెయ్యండి మేడం, ముంగట నుంచి మాత్రం వద్దు” అని మొండిపట్టు పట్టి, ఆలోచించుకోవడానికి ఒకరోజు గడువు అడిగి, అయిష్టంగానే ఆమె తలూపితే దణ్ణం పెట్టి మరీ బయటపడ్డాడు. గడువైతే అడిగాడు గానీ, ఆ బుర్రలో ఆలోచన సాగితే కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

కథ నడిమధ్యలో ఎక్కినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. నర్సింహ సిటీ బస్సు డ్రైవరు. చండూరు పక్క పల్లె నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడినవాడు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీలో పేరు తెచ్చుకున్నాడు, ముక్కు కూడా విరగ్గొట్టుకున్నాడు. ఒక్కగానొక్క కూతురు పల్లవికి నడకతో పాటే ఆట నేర్పాడు. ఇరవై ఏళ్లకే ఆ పిల్ల రైడుకి వెళుతోందంటే అవతలి జట్టు పిల్లలు ఒకరి చేతులు ఒకరు గట్టిగా పట్టుకునేవాళ్లు. అల్మాస్‌గూడ జట్టుతో ఫైనల్ ఆడుతూ, పట్టు విడిపించుకుని నడిగీత కోసం ముందుకు దూకింది. తల మ్యాట్‌కు తగిలి మెడ మడతపడింది. పైన ముగ్గురు పడ్డారు. మెడలో ఐదో పూస ఆరో పూస మీద నుంచి ముందుకు జారింది, అంచు విరిగింది. కుడిచేతికి బలం తగ్గి, బొటనవేలు మొద్దుబారింది. కాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. అదొక్కటే అందరికీ ధైర్యం.

ఇక డాక్టర్ కుసుమకుమారి. భీమవరం వైపు మనిషి. ఎల్బీ నగర్‌లో ఎన్నేళ్లున్నా ‘అండీ’ వదలలేదు. సీటీ, ఎమ్మారై ఫొటోలు వెలుగులో పెట్టి ఓపిగ్గా చెప్పింది. “చూడండి నర్సింహగారూ, పూసకీ పూసకీ మధ్య మెత్తటి దిండులాంటిది ఉంటుంది. అది నలిగి వెన్నుపాము మీదకి తోసుకొచ్చింది. వెనక నుంచి పూసని లాగి సర్దామనుకోండి, ఆ దిండు పోయి వెన్నుపామునే నొక్కేస్తుంది. అందుకని గొంతు వైపు నుంచి వెళ్లి, ముందు దాన్ని తీసేసి, ఆనక పూసని దాని చోట కూర్చోబెట్టి, తుంటి ఎముక ముక్క పెట్టి పలకతో బిగిస్తాం. ఒక్కటే ఇబ్బందండి. గొంతు నరం పక్కనే ఉంటుంది. కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు. దాదాపు అందరికీ తిరిగొచ్చేస్తుంది. ఎక్కడో ఒకరికి రాకపోవచ్చు కూడా.”

అంతే! ఆ ‘రాకపోవచ్చు’ ఒక్కటే నర్సింహ చెవిలో పడింది. మిగతాదంతా ఫ్యాను గాలికి కొట్టుకుపోయింది.

“కూత పోతదా మేడం?” అన్నాడు నీరసంగా.

ఆమె వెంటనే అతని చేయి పట్టుకుంది. “అయ్యయ్యో, అంత మాటనకండి. మీ కూతురికేం కాదు. ప్రాణభయం ఏమీ లేదు.”

“కూతురు కాదు మేడం, కూత!”

కూత అంటే ఏమిటో ఆమెకు అర్థం చేయించడానికి, ఆ మనిషి దవాఖానలో నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి ‘కబడ్డీ కబడ్డీ కబడ్డీ’ అని అందుకున్నాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది. రైడుకి వెళ్లినవాళ్లు అవతలి జట్టు వైపు అడుగు పెట్టింది మొదలు తిరిగి గీత తాకేదాకా ఊపిరి తెగకుండా కూత పెట్టాలనీ, కూత తెగితే ఔటేననీ, బొంగురు గొంతుతో కూత నిలవదనీ వివరించాడు. ఆమె అంతా విని, నిట్టూర్చి, “ఆ అమ్మాయి కాళ్లూ చేతుల గురించి అడుగుతారనుకున్నానండి” అంది. పల్లవిని అడిగితే “మా నాయిన ఎట్లంటే గట్లనే మేడం” అంది. వాడకట్టులో పిల్లలందరూ డాడీ అంటుంటే నాయినా అని పిలిచే పిల్ల మరి. ఆటలో తండ్రి మాట ఎప్పుడూ జవదాటలేదు. చివరికి తన మెడను కూడా తండ్రి చేతిలోనే పెట్టింది.

అదీ సంగతి. ఇక ఇవాళ్టి మధ్యాహ్నానికి వద్దాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే షాపుకి తాళం వేసి, అన్నం క్యారియర్ పట్టుకుని యాదలక్ష్మి వచ్చింది. నర్సింహ భార్య. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయింది. వార్డు బయట బల్ల మీద మొగుణ్ణి చూడగానే క్యారియర్ ఠపీమని పక్కన పెట్టింది.

“ఏమన్న తేల్చినవా?”

“ఆలోచిస్తున్న.”

“నిన్న గదే అంటివి, పొద్దుగాల గదే అంటివి. నీ ఆలోచన తెల్లారేదెప్పుడు? ఆ డాక్టరమ్మ పొద్దున ఏమన్నది? ఆలస్యం చేస్తే మంచిది కాదన్నదా లేదా?”

“గొంతు పోతదంటున్నది లక్ష్మీ.”

“పోనీ! పోతే ఇంట్ల జర నిమ్మళంగ ఉంటది. పుట్టినకాడి నుంచి అది లొల్లి పెట్టుడు, నువ్వు దానికి తాళం ఏసుడు” అంది గానీ, ఆ మాట పూర్తికాకుండానే కొంగుతో కళ్లొత్తుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి చెప్పింది. “జూడు. నా కాడికి ఎంతమందొస్తరు? కుట్టు పైకి కనబడొద్దు అక్కా, అంటరు. ఆమె గూడ గట్లనే, మెడ మీద గీత ఉంటది గద, గా గీత ఎంబడే కోత పెడ్తదంట. మళ్ల గా గీతల్నే కుడ్తదంట. నేను ఆమె వేళ్లు జూసిన. మంచి వేళ్లు. అదురు లేదు, బెదురు లేదు. నాకు నమ్మకం కుదిరింది.”

“నీకేంది, నువ్వు అందరిని నమ్ముతవ్.”

“నిన్ను నమ్మి చేసుకోలేదా? గంతకన్న ధైర్యం ఉన్నదా?”

నర్సింహకు ఆ కష్టంలోనూ నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని మూతి బిగించుకున్నాడు. “మా అక్కకు ఫోన్ల చెప్పిన, గొంతు కాడ కోస్తరంట అని. గొంతు కోస్తరా అని శోకాలు పెట్టింది” అంది యాదలక్ష్మి. “మీ అక్కకు గదొక్కటే ఒస్తది” అన్నాడతను. కష్టంలో ఉన్న మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నారంటే ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారనే అర్థం. వీళ్లది ఎప్పుడూ ఆ తీరే.

సరిగ్గా అప్పుడు లిఫ్టు తెరుచుకుంది. నారింజ పండ్ల సంచి పట్టుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది. బలంగా, పొడుగ్గా ఉంది. మోచేతికి ప్లాస్టరు అంటించి ఉంది. వీళ్లను చూసి అక్కడే ఆగిపోయింది.

నర్సింహ గుర్తుపట్టాడు. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు! అల్మాస్‌గూడ జట్టులో కుడి మూల కాసే రైట్ కార్నర్, సింధు. పల్లవి నడుం పట్టి వెనక్కి గుంజింది ఆ పిల్లే. కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆ పిల్ల చేతులే అతనికి కనిపిస్తున్నాయి. లేచి నిలబడ్డాడు.

“ఏ మొఖం పెట్టుకొని ఒచ్చినవ్?”

“పల్లవిని చూసిపోదామని, అంకుల్.”

“చూస్తందుకు ఇది సిన్మానా? మెడ ఇరగ్గొట్టి పండ్లు పట్టుకొస్తవా? ఆటంటే మీకు మనుషుల్ని చంపుడా?”

వరండాలో జనం తిరిగి చూశారు. యాదలక్ష్మి అతని చొక్కా పట్టి లాగింది. అతను విదిలించుకున్నాడు. నోటికొచ్చినవన్నీ అన్నాడు. సింధు తలొంచుకుని నిలబడింది, ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. అతనికి ఆయాసం వచ్చి ఆగాక మెల్లగా తలెత్తింది.

“తిట్టుండ్రి అంకుల్. మా ఇంట్ల ఎవ్వరు తిడ్తలేరు. ఆటల దెబ్బలు తాకుతయ్ తియ్ అంటున్నరు. మా కోచ్ గూడ గదే మాట. ఎవరన్న కడుపుల ఉన్నదంత తిడితే జర నిద్ర పడ్తదేమోనని ఒచ్చిన.”

నర్సింహ చేతులు వాటంతటవే కిందికి దిగాయి. యాదలక్ష్మి ఆ పిల్లను చేయిపట్టి బల్ల మీద కూర్చోబెట్టుకుంది. తన పిల్లను పడగొట్టిన పిల్లే అయినా, పెదవులు ఎండిపోయి ఉన్న ఆడపిల్లను నిలబెట్టి ఉంచడం ఆ తల్లికి చేతకాలేదు. నీళ్ల సీసా ఇచ్చింది.

రెండు గుక్కలు తాగి సింధు అంది: “ఒక్క మాట ఎవ్వరికి చెప్పలే అంకుల్. మీకే చెప్పాలె. నడుం పట్టింది నేనే. ఆమె గీత మీదికి దుంకినప్పుడు తల కిందికి మడిచి పడ్డది. టక్కుమని సప్పుడైంది. నాకు ఇనబడ్డది.”

“ఇనబడ్డంక గూడ ఇడవలేదా?” అన్నాడు నర్సింహ.

“ఇడుద్దామనుకున్న. అమ్మతోడు, చేతులు సల్లబడ్డయ్. గానీ కూత ఆగలే అంకుల్!” ఇప్పుడు ఏడ్చింది. “దెబ్బ తాకితే ఎవ్వరైనా అమ్మా అంటరు గద? ఆమె అనలే. కబడ్డీ కబడ్డీ అనుకుంటనే ఉన్నది. చెయ్యి గీతకేసి సాపింది. కూత ఉన్నదంటే మనిషి మంచిగనే ఉన్నదనుకున్నం. ముగ్గురం కలిసి ఇంకా ఎనక్కి గుంజినం. రిఫరీ గూడ విజిల్ ఏయలే. కూత ఇనబడుతుంటే ఎట్ల ఏస్తడు? ఒక్క కూత ఇడిచి ఉంటే అందరం ఇడిచిపెడుతుంటిమి.”

వరండాలో ఎవరిదో ఫోను మోగుతోంది. నర్సింహకు అది చాలా దూరం నుంచి వినిపించింది.

ఎందుకంటే ఆ కూత ఎవరు నేర్పారో అతనికి తెలుసు. డ్యూటీకి వెళ్లబోయే ముందు ఇంటి ముందర సందులో, గౌను వేసుకున్న చిన్న పిల్ల వీపు మీద చేయి పెట్టి పరిగెత్తించింది తనే. “పానం పోయినా కూత పోవద్దు బిడ్డా” అని రోజూ చెప్పింది తనే. మోకాలు చెక్కుకుపోయి పిల్ల ఏడవబోతే, “కూత పెట్టు, ఏడుపు అదే పోతది” అని నవ్వింది తనే. మొన్న ఫైనల్‌లో ముగ్గురి కింద నుంచి ఆ గొంతు వినబడుతుంటే గ్యాలరీలో లేచి నిలబడి, పక్కవాడి వీపు చరిచి, “చూసినవా, నా బిడ్డ కూత!” అన్నదీ తనే. అప్పటికే ఆ మెడ విరిగి ఉంది. గోడకు ఆనుకున్నాడు. ఏడ్చాడు, దాచుకోలేదు.

యాదలక్ష్మి మొగుడి వీపు మీద చేయి వేసి ఉంచింది. ఆమె నోరు మూతపడటం అరుదే, కానీ ఎక్కడ మూసుకోవాలో ఆమెకు బాగా తెలుసు.

ముఖం కడుక్కుని వచ్చి, “నువ్విక్కడే కూసో బిడ్డా, నేను జర దానితోని మాట్లాడొస్త” అని సింధుతో చెప్పి, అతను వార్డులోకి వెళ్లాడు.

పల్లవి పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. తల కదపకూడదు కాబట్టి ఎవరు వచ్చారో అడుగుల చప్పుడు బట్టి చెప్పడం అలవాటు చేసుకుంది.

“నాయినా. బ్రేక్ తొక్కినట్టు నడుస్తున్నవేంది?”

అతను వంగి, ఆమెకు కనపడేలా ముఖం పెట్టాడు. ఆమె కళ్లు చిట్లించింది. “ఏడ్చినవా?”

“పొగ.”

“దవాఖానల పొగ ఎక్కడిది? సింధు గొంతు ఇనబడ్డది. దాన్ని తిట్టినవా?”

“కొంచెం.”

“కొంచెం అంటే మస్తు తిట్టినట్టు. పాపం నాయినా, అది మంచిగ పట్టింది. నేనైతే గట్ల పట్టేదాన్ని కాదు.”

“మెడ టక్కుమన్నప్పుడు నీకు తెలిసిందా?” అని అడిగాడు. అడగాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

“తెలిసింది” అంది పల్లవి. “కరెంటు కొట్టినట్టయింది చెయ్యంత.”

“మరి కూత ఎందుకు ఆపలే బిడ్డా?”

“గీతకు జానెడే ఉండె. ఆపితే నువ్వు గ్యాలరీల తలకాయ పట్టుకుంటవని.”

ఆ పిల్ల నవ్వుతూనే అంది. కానీ కణతల మీదుగా నీళ్లు చెవుల్లోకి జారిపోయాయి. తుడుచుకోవడానికి కుడిచేయి సరిగ్గా లేవలేదు. నర్సింహ తన జేబురుమాలుతో, బస్సు అద్దం తుడిచిన మరక ఉన్న కొసను జాగ్రత్తగా లోపలికి మడిచి, రెండు చెవులూ తుడిచాడు. తండ్రి అన్న మాట ఇంత బరువుంటుందని తెలిస్తే ఎవరు మాత్రం పిల్లలకు ఊరికే మాటలు చెబుతారు?

“ఇను” అన్నాడు. “ముంగట నుంచే చేయించుకుందాం. డాక్టరమ్మ ఎట్లంటే గట్ల.”

“కూత పోతే?”

“పోనీ.”

పల్లవి కళ్లు పెద్దవి చేసింది. సూర్యుడు పడమట పొడిచాడన్నా అంత ఆశ్చర్యపోయేది కాదు. “నాయినా, పొద్దున ఏం తాగినవ్?”

“చాయ్. జర ఇనవే! నీ కూత కోసం నీ చెయ్యి పాడు చేసుకుంటమా, కాలు పాడు చేసుకుంటమా? గొంతు బొంగురుపోతే బొంగురు గొంతుతోనే నన్ను తిట్టు. జీవితాంతం పడ్త. నాకు నువ్వు కావాలె బిడ్డా. గదొక్కటే. ఈ మాట మొదలే చెప్పాల్సింది, నాకు బుద్ధి ఆలస్యంగ ఒచ్చింది.”

“మరి ఆట?”

“ఒక్క పూసే గాబట్టి, ఎముక మంచిగ అతికితే, ఏడాదినాటికి అడుగుండ్రి అన్నది డాక్టరమ్మ. ఆడొచ్చనలే, ఆడొద్దనలే. అడుగుదాం. ఆడొద్దంటే కోచ్ అయితవ్. నాకన్న మంచి కోచ్ అయితవ్, పిల్లలకు అమ్మా అనుడు గూడ నేర్పుతవ్.”

ఆ మాటకు పల్లవి గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే ఎడమచేయి చాచి తండ్రి మీసం పట్టి లాగింది, చిన్నప్పటిలాగే. “సరే తియ్. నువ్వెట్లంటే గట్ల.”

“నేననుడు కాదు. నీకేమనిపిస్తుంది? మెడ నీది.”

తండ్రి పల్లవి అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. “నిజం చెప్పాల్నా? నిన్ననే చేయించుకుందామనిపించింది నాయినా. నాకు భయమైతుండె. నువ్వు బాధపడ్తవని చెప్పలే.”

ఎక్కువ మాట్లాడితే మళ్లీ ఏడుస్తానని నర్సింహ గబగబా బయటికొచ్చి నర్సుతో కబురు పంపాడు. యాదలక్ష్మి సింధుకు నారింజ పండు ఒలిచి పెడుతోంది. విషయం వినగానే దండం పెట్టుకుని, “చేతులు కాలకముందే ఆకులు పట్టుకున్నవ్, మొదటిసారి” అంది. సింధు లేచి నర్సింహ చేతులు పట్టుకుంది. ముగ్గురూ కలిసి వార్డులోకి వెళ్లారు. సింధును చూసి పల్లవి, “ఒచ్చినవా రాక్షసి” అంది ప్రేమగా. నలుగురి మనసులూ అప్పటికి తేలికపడ్డాయి.

డాక్టర్ కుసుమకుమారి నవ్వుముఖంతో వచ్చింది. “మంచి మాట చెప్పారండి నర్సింహగారూ. రేపు పొద్దున్నే మొదట పల్లవికే చేస్తాం. ఈలోగా ఒక్కసారి చూసేస్తాను. కళ్లు మూసుకో అమ్మా. సూది తగలగానే ఎక్కడో చెప్పు.”

ఎడమ భుజం. “భుజం” అంది పల్లవి. ఎడమ చేయి. “చెయ్యి.” కుడిచేతి బొటనవేలు. “జర జర తెలుస్తుంది మేడం.” పొద్దున్న కూడా అలాగే చెప్పింది. డాక్టరమ్మ దుప్పటి పక్కకు తీసి కాళ్ల దగ్గరకు వెళ్లింది. నర్సింహ మంచం కొసన నిలబడి ఉన్నాడు, అతనికి అన్నీ దగ్గరగా కనిపిస్తున్నాయి. ఆమె సూదిమొన కుడికాలి బొటనవేలికి ఆనించింది. పొద్దున ఇక్కడ ఆనగానే చెప్పిన పల్లవి ఇప్పుడు పలకలేదు. ఆమె కొంచెం గట్టిగా నొక్కింది. అరికాలు మధ్యలో గుచ్చింది. ఎడమ అరికాల్లో గుచ్చింది. చిన్న రక్తపు చుక్క పైకి వచ్చింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు చెదిరిపోయింది. నర్సు వైపు తిరిగి, థియేటర్‌కి ఫోన్ చెయ్యమన్నట్టు చేత్తో సైగ చేసింది. నర్సు పరుగెత్తింది.

పల్లవి కళ్లు గట్టిగా మూసుకునే ఉంది, పెదవుల మీద నవ్వుతో.

“నేను రెడీ మేడం. గుచ్చుండ్రి.”